ఫ్రీజ్-డ్రైడ్ పచ్చి మాంసం మరిగిన పిల్లి: కొనసాగించాలా, మాన్పించాలా? (బెంగళూరు)

బుజ్జి_వాళ్ళమ్మ
మా బుజ్జికి మూడేళ్ళు, నాలుగు కిలోలు. ఆపరేషన్ అయిన ఆడపిల్లి, మామూలు దేశవాళీ జాతే. ఇన్నాళ్ళూ డ్రై ఫుడ్ తినేది, అప్పుడప్పుడు ఒక పౌచ్. ఏ పేచీ లేదు. ఆమధ్య వైట్‌ఫీల్డ్‌లో ఒక పెట్ షాపతను ఫ్రీజ్-డ్రైడ్ రా చికెన్ శాంపిల్ చేతిలో పెట్టాడు. చిన్న చిన్న ముక్కలు, థర్మాకోల్ అంత తేలిక, పట్టుకుంటే పొడి రాలుతుంది. అంతే, ఆ రోజుతో మా కొంప మునిగింది. ఇప్పుడు గిన్నెలో పాత తిండి వేస్తే వాసన చూసి, ముందుకాలితో నేల గీకి, దొడ్డికి వెళ్ళాక మట్టి కప్పే పద్ధతిలో కప్పేసి వెళ్ళిపోతోంది. నా ముఖం మీదే!

షాపతను "అడవిలో పిల్లి తినే తిండి ఇదే మేడమ్, ఎండబెట్టేశారు కాబట్టి క్రిములుండవు" అన్నాడు. మా వెట్ ఒక్క ముక్కలో "వద్దు" అన్నారు. బయట క్యూ ఉంది, ఎందుకని అడిగే టైం దొరకలేదు. మా ఆయనేమో బిల్లు చూసి, ఈ డబ్బుతో మనమే రోజూ బిర్యానీ తెప్పించుకోవచ్చు అంటున్నారు. వాడుతున్నవాళ్ళు నిజం చెప్పండి. ఇది మంచిదా, కాదా? మాన్పించాలంటే ఎలా?

మూడు_పిల్లులు_ఒక_ఈఎంఐ
శాంపిల్ ఇచ్చేవాడు ఊరికే ఇస్తాడా అండీ. మొదటిది ఫ్రీ, ఆ తర్వాత మన జీతం వాడిది.

టామ్‌గాడి_నాన్న
డాక్టర్లు రా (పచ్చి మాంసం) అనగానే వద్దంటారు, అది మామూలే. పిల్లి అసలు సిసలు మాంసాహారి. కుక్కలాగా అన్నం పప్పు తిని సర్దుకునే జంతువు కాదు. మనం పోసే డ్రై ఫుడ్‌లో పిండిపదార్థం ముప్పై శాతం దాకా ఉంటుంది, కొన్నిట్లో ఇంకా ఎక్కువే. తేమ పది శాతం లోపు. ఎలుకలోనో పిచ్చుకలోనో పిండి ఎక్కడుంది? మా టామ్‌గాడు రా మీదే పెరిగాడు. బొచ్చు నిగనిగలాడుతుంది, మలం తక్కువ, వాసన అసలే తక్కువ. లిట్టర్ బాక్స్ (పిల్లి దొడ్డికెళ్ళే పెట్టె) ఎత్తే మనిషిగా చెబుతున్నాను, ఇది చిన్న లాభం కాదు. మంచి కంపెనీది చూసి పెట్టండి, ఏం కాదు.

హెచ్ఎస్ఆర్_నైట్‌షిఫ్ట్
మలం తక్కువనేది నిజమే, నేనూ చూశాను. జీర్ణమయ్యేది ఎక్కువ, బయటికొచ్చేది తక్కువ.

పశువైద్యం_ఫైనలియర్
షాపతను చెప్పింది తప్పు. ఆరబెట్టడం వేరు, ఉడికించడం వేరు. ఫ్రీజ్-డ్రైయింగ్‌లో మాంసాన్ని ముందు గట్టిగా గడ్డ కట్టిస్తారు. తర్వాత గాలి మొత్తం లాగేసిన చాంబర్‌లో పెడతారు. ఆ తక్కువ పీడనంలో ఐసు కరిగి నీరవకుండానే నేరుగా ఆవిరైపోతుంది. నీళ్ళు పోతాయి, తక్కినవన్నీ ఉంటాయి. ప్రొటీన్, కొవ్వు, రుచి ఉంటాయి, మాంసంలో ముందే ఉంటే సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటి జబ్బు చేసే బ్యాక్టీరియా కూడా ఉంటాయి. తేమ లేదు కాబట్టి అవి పెరగవు, అలాగని అన్నీ చావవు. మా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో బ్యాక్టీరియా కల్చర్లను ఏళ్ళ తరబడి దాచడానికి వాడేది ఇదే పద్ధతి. మేం వాటిని బతికించుకోవడానికి చేసే పని ఆయన దృష్టిలో చంపడమైంది!

కొన్ని కంపెనీలు ఆరబెట్టేముందు హై ప్రెషర్ ప్రాసెసింగ్ చేస్తాయి. దాదాపు 600 మెగాపాస్కల్స్, అంటే మామూలు గాలి పీడనానికి సుమారు ఆరు వేల రెట్లు. దానివల్ల బ్యాక్టీరియా బాగా తగ్గుతుంది, సున్నా అవుతుందన్న హామీ మాత్రం లేదు. ప్యాకెట్ మీద ఆ మాట లేకపోతే చేయలేదనే అనుకోండి.

టామ్‌గాడి_నాన్న
ఫైనలియర్ బ్రో, మనం కొనే కోడిలో సాల్మొనెల్లా లేదా? రోజూ ఇంటికి తెచ్చి కడిగి వండుకుంటున్నాం కదా. పైగా పిల్లి పొట్టలో ఆమ్లం ఎక్కువ, పేగు పొట్టి. మనకు జబ్బు చేసేది దానికి చేయదు.

పశువైద్యం_ఫైనలియర్
కోడిని కడగకండి బ్రదర్, సింకంతా చిమ్ముతుంది, అది వేరే గొడవ. మీ మాటలోనే జవాబుంది, మనం వండుకుంటాం. లోపల 74 డిగ్రీలు తగిలిందంటే సాల్మొనెల్లా కథ ముగుస్తుంది. ఇక్కడ వండే ఘట్టమే లేదు.

పిల్లికి చాలాసార్లు ఏమీ కాదన్నది ఒప్పుకుంటాను. అసలు చిక్కు అక్కడే ఉంది. దానికి లక్షణాలేమీ ఉండవు, మలంలో మాత్రం సూక్ష్మజీవి పోతూనే ఉంటుంది. అది లిట్టర్‌లో కాళ్ళు పెడుతుంది, ఒళ్ళు నాక్కుంటుంది, తర్వాత వచ్చి మన దిండు మీద పడుకుంటుంది. అమెరికాలో ఎఫ్‌డీఏ 2010 నుంచి 2012 వరకు పెట్ ఫుడ్ శాంపిళ్ళు పరీక్షించింది (ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ అది). 196 పచ్చి మాంసపు శాంపిళ్ళలో 15 సాల్మొనెల్లాకు, 32 లిస్టీరియాకు పాజిటివ్ వచ్చాయి.

టామ్‌గాడి_నాన్న
196లో 15 అంటే మిగతా 181 బాగున్నట్టేగా!

మూడు_పిల్లులు_ఒక_ఈఎంఐ
@టామ్‌గాడి_నాన్న మీరు ఎలక్షన్లలో నిలబడండి సార్.

ఎక్సెల్_ఏడుకొండలు
ఆరోగ్యం సంగతి తెలిసినవాళ్ళు చూసుకుంటారు, నేను లెక్క చెబుతాను. నాలుగు కిలోల ఇంటిపిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 కేలరీలు కావాలి. ఫ్రీజ్-డ్రైడ్ మాంసం గ్రాముకు నాలుగున్నర, ఐదు కేలరీల దాకా ఇస్తుంది. అంటే పూర్తిగా దాని మీదే పెంచితే రోజుకు దాదాపు 50 గ్రాములు. నేను కొన్న ప్యాకెట్ 50 గ్రాములు, 550 రూపాయలు. నెలకు 16,500. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, కరెంటు, నెట్, పాలు కలిపినా అంత కాదు.

ఇంకోవైపు నుంచి చూడండి. కిలో పచ్చి మాంసం ఆరబెడితే మిగిలేది 250 నుంచి 300 గ్రాములు. కాబట్టి 50 గ్రాముల ప్యాకెట్‌లో ఉన్నది మహా అయితే 200 గ్రాముల చికెన్. తక్కిన డబ్బంతా వాక్యూమ్ పంపుకీ, ప్యాకెట్ మీద తోడేలు బొమ్మకీ.

మూడు_పిల్లులు_ఒక_ఈఎంఐ
పిల్లి ఫుడ్ మీద తోడేలు బొమ్మ ఎందుకో నాకు ఇంతవరకు అర్థం కాలేదు.

శాకాహారింట_పులి
అందరూ ధర, క్రిములు అంటున్నారు. మా బాధ వేరు. మేం ఉండేది జయనగర్‌లో, ఓనర్లు పూర్తి శాకాహారులు. అగ్రిమెంట్‌లోనే "మాంసాహారం వండరాదు" అని రాయించుకున్నారు. మా అత్తగారు కూడా కోడిగుడ్డు గుమ్మం దాటనివ్వరు. అలాంటి ఇంట్లోకి నేను వర్షంలో తడుస్తున్న పిల్లిని తెచ్చాను. మాంసం తెచ్చి ఉడికించే ప్రసక్తే లేదు. ఈ ముక్కలు చూస్తే బిస్కెట్లనుకుంటారు, వాసనా అంతగా రాదు. అత్తగారు వీటిని "పిల్లి చాక్లెట్లు" అంటారు.

గోదారి_టు_బెలందూరు
అత్తగారికి అది ఏమిటో తెలిసిన రోజు ఇక్కడ ఒక పోస్టు పెట్టండి అక్కా, పాప్‌కార్న్‌తో కూర్చుంటాం.

శాకాహారింట_పులి
ఆవిడ ఎప్పుడో కనిపెట్టేశారని నా అనుమానం. మొన్న గోరువెచ్చని నీళ్ళు పోసి నానబెట్టాను. అంతవరకు ఏ వాసనా లేని ముక్క రెండు నిమిషాల్లో ఎర్రగా, మెత్తగా అయింది, పచ్చి లివర్ వాసన గుప్పుమంది. ఆవిడ దేవుడి గది తలుపు వేసుకున్నారు, మాట్లాడలేదు. మర్నాడు పిల్లికి వేరే స్టీలు గిన్నె, వేరే స్క్రబ్బర్ కొని పెట్టారు!

పశువైద్యం_ఫైనలియర్
మీ అత్తగారు ఇక్కడ అందరికంటే శుభ్రత తెలిసినావిడ. వేరే గిన్నె, వేరే స్క్రబ్బర్ తప్పనిసరి. ఆ పొడి వంటగట్టు మీద రాలితే పచ్చి కోడి రక్తం పడినంత జాగ్రత్తగా తుడవాలి. పొడిగా ఉంది కదా అని చాలామంది ఊదేసి ఊరుకుంటారు.

మీలాంటి ఇళ్ళకు నా సలహా: ఉడికించి డబ్బాలో సీల్ చేసిన వెట్ ఫుడ్ (తడి తిండి) వాడండి. వండే పని లేదు, పచ్చి మాంసం కాదు, ఓనరుకు ఇచ్చిన మాటా నిలుస్తుంది.

యలహంక_పక్షి
మా కథ వినండి. నేను రోజూ చికెన్ తెచ్చి ఇంట్లోనే చేసేదాన్ని. 2025లో ఏరో ఇండియా విమానాల ప్రదర్శన వచ్చింది. యలహంక ఎయిర్ ఫోర్స్ స్టేషన్ చుట్టూ 13 కిలోమీటర్ల మేర మాంసం అమ్మకూడదన్నారు, జనవరి 23 నుంచి ఫిబ్రవరి 17 దాకా. మాంసం వ్యర్థాలకు గద్దలు వస్తాయి, గద్దలు విమానాలకు తగులుతాయి, అదీ సంగతి. పైన రఫ్ఫాడిస్తూ ఫైటర్ జెట్లు, కింద మంచం కింద దూరి ఆకలితో అరిచే పిల్లి. అప్పుడు మొదలుపెట్టాను ఈ ఫ్రీజ్-డ్రైడ్ ప్యాకెట్లు. ఆ తర్వాత శివరాత్రికీ, శ్రీరామనవమికీ మాంసం బంద్ అన్నప్పుడల్లా అదే దిక్కు. రోజూ పెట్టను. డబ్బాలో ఉంటే ధైర్యం, అంతే.

మూడు_పిల్లులు_ఒక_ఈఎంఐ
దేశ రక్షణ కోసం ఉపవాసం చేసిన పిల్లి! దానికో మెడల్ ఇవ్వాలి.

హెచ్ఎస్ఆర్_నైట్‌షిఫ్ట్
@బుజ్జి_వాళ్ళమ్మ ముక్కలు పొడిగా పెడుతున్నారా, నీళ్ళు కలిపా? ఎవరూ అడగడం లేదు.

బుజ్జి_వాళ్ళమ్మ
పొడిగానే. నీళ్ళు కలిపితే ముట్టదు. కరకరలాడాలి దానికి.

హెచ్ఎస్ఆర్_నైట్‌షిఫ్ట్
అక్కడ జాగ్రత్తపడండి. మా వాడు మగపిల్లి. తిండంతా పొడిదే, నీళ్ళు తాగడం తక్కువ. ఒక రాత్రి లిట్టర్ బాక్స్‌లో కూర్చుని లేవడు. అరుస్తాడు, దిగుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. చుక్క రాదు. నేను మలబద్ధకం అనుకున్నాను. నైట్ షిఫ్ట్ పుణ్యమా అని మేలుకునే ఉన్నాను, ఆటోలో 24 గంటల క్లినిక్‌కి తీసుకెళ్ళాను. మూత్రనాళం మూసుకుపోయిందని కాథెటర్ (సన్నటి గొట్టం) వేశారు. ఇంకో రోజు ఆగి ఉంటే పోయేవాడన్నారు. పొడి తిండి ఒక్కటే కారణమని డాక్టర్ చెప్పలేదు, కానీ ఇకమీదట తిండిలోనే నీళ్ళు వెళ్ళాలని మాత్రం గట్టిగా చెప్పారు.

పశువైద్యం_ఫైనలియర్
మగపిల్లి మూత్రానికి కూర్చుని చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగకూడదు, అది ఎమర్జెన్సీ. మగవాటికి ఆ నాళం బాగా సన్నం.

పచ్చి మాంసంలో డెబ్బై శాతం పైనే నీళ్ళుంటాయి. ఫ్రీజ్-డ్రై చేశాక ఐదు శాతం కూడా ఉండదు. "అడవిలో తినే తిండి" అని చెప్పి నీళ్ళు తీసేసి పెడితే అది అడవి తిండి ఎలా అవుతుంది? ఎడారి నుంచి వచ్చిన జాతి కాబట్టి పిల్లికి దాహం వేయడమే తక్కువ. ఆహారంలోంచే నీళ్ళు రావాలి. కాబట్టి గోరువెచ్చని నీళ్ళతో నానబెట్టండి, మరిగే నీళ్ళు వద్దు. నానిన తర్వాత అది పూర్తిగా పచ్చి మాంసమే. బెంగళూరు చల్లగా ఉంది కదా అని సాయంత్రం దాకా గిన్నెలో వదలకండి. పిల్లి అరగంటలో తినకపోతే తీసి పారేయండి.

టామ్‌గాడి_నాన్న
ఇది నిజం. నేను రోజూ నీళ్ళు కలిపే పెడతాను. పొడిగా పెట్టేవాళ్ళ వల్లే రాకి చెడ్డపేరు.

గోదారి_టు_బెలందూరు
ఇంత సైన్స్ ఎందుకు సార్. మా అమ్మమ్మగారింట్లో పిల్లి పెరుగన్నం, చేప తలకాయలు తిని పదిహేనేళ్ళు బతికింది. పులస తలకాయ కూడా తింది, అది నేను ఇప్పటికీ తినలేదు.

పశువైద్యం_ఫైనలియర్
ఆ పిల్లి రాత్రిళ్ళు ధాన్యం కొట్లో ఏం చేసేదో అమ్మమ్మగారిని అడగండి. ఎలుకంటే మాంసం, ఎముక, గుండె, కాలేయం అన్నీ ఉన్న పూర్తి భోజనం. పెరుగన్నం టిఫినే. మీ ఫ్లాట్‌లో పిల్లికి ఆ రెండో షిఫ్ట్ ఉద్యోగం లేదు.

గోదారి_టు_బెలందూరు
ఒప్పుకున్నాను. మరి పచ్చి నెత్తళ్ళు? మడివాళ మార్కెట్లో దొరికితే రెండు తెచ్చి పెడతాను.

పశువైద్యం_ఫైనలియర్
ఎప్పుడో ఒకటి పర్లేదు, ఉడికించి పెడితే మేలు. కొన్ని పచ్చి చేపల్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. అదే తిండిగా అలవాటైన పిల్లికి మెడ వాలిపోవడం, తూలడం, ఫిట్స్ దాకా వెళుతుంది. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. ఎండు నెత్తళ్ళయితే ఉప్పు ఎక్కువ, వద్దు.

ఎక్సెల్_ఏడుకొండలు
ఫైనలియర్ గారూ, ఇంకో సందేహం. నేను కొన్న ప్యాకెట్ వెనక సన్నటి అక్షరాల్లో "సప్లిమెంటల్ ఫీడింగ్ ఓన్లీ" అని ఉంది. ముందు వైపేమో "100 శాతం చికెన్" అని పెద్దగా.

పశువైద్యం_ఫైనలియర్
అందరూ చదవాల్సింది ఆ సన్నటి అక్షరాలే. 100 శాతం చికెన్ అంటే పిల్లికి 100 శాతం భోజనం కాదు. ఒట్టి కండమాంసంలో ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, కాల్షియం నామమాత్రం. ఎముక గానీ కాల్షియం గానీ చేర్చకుండా నెలల తరబడి అదే పెడితే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. పిల్లకూనల్లో ఇది తొందరగా బయటపడుతుంది, గెంతితే కాలు విరిగే పరిస్థితి. లివర్ ముక్కలే ఇష్టమని రోజూ అవే పెడితే ఎ విటమిన్ పేరుకుని మెడ వెన్నుపూసలు అతుక్కుపోతాయి.

టారిన్ అనే పోషకం సంగతి కూడా. పిల్లి ఒంట్లో అది కావలసినంత తయారవదు, మాంసంలోంచే రావాలి. తక్కువైతే చూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. పేరున్న కంపెనీల ఫుడ్ తిన్న పిల్లులే ఇలా గుండెజబ్బుతో పోతుంటే, 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో కారణం పట్టుకున్నారు. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ పెంచాయి. కాబట్టి ప్యాకెట్ మీద "కంప్లీట్ అండ్ బాలెన్స్‌డ్" అనీ, ఆఫ్‌కో (అమెరికా) లేదా ఫెడియాఫ్ (యూరప్) పెట్ ఫుడ్ ప్రమాణం పేరూ, పెద్ద పిల్లికా కూనకా అన్నదీ ఉందో లేదో చూడండి. లేకపోతే అది చిరుతిండి. రోజు కేలరీల్లో పదో వంతు దాటనివ్వకండి.

టామ్‌గాడి_నాన్న
ఇది రాకే కాదు, ఉడికించిన చికెన్ మాత్రమే పెట్టేవాళ్ళకూ వర్తిస్తుంది. నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే టారిన్ ఆ నీళ్ళతోనే పోతుంది. అది కూడా చెప్పండి బ్రో, ఒక్క మా వాళ్ళ మీదే పడకుండా.

పశువైద్యం_ఫైనలియర్
నూటికి నూరుపాళ్ళు నిజం. ఉడికించిన నీళ్ళు కూడా గిన్నెలోనే పోయాలి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా.

యలహంక_పక్షి
బర్డ్ ఫ్లూ మాట ఎవరూ ఎత్తలేదేం? నేను ఇంట్లో రా మానేసింది దానివల్లే.

గోదారి_టు_బెలందూరు
2025 ఫిబ్రవరిలో మా తణుకు వైపు కోళ్ళు గుట్టలు గుట్టలుగా చచ్చిపోయాయి. మా బాబాయిగారి ఫారం ఖాళీ. గుంటలు తీసి పూడ్చారు. ఆ నెల మా ఇంట్లో చికెన్ మాటెత్తినవాడు లేడు.

పశువైద్యం_ఫైనలియర్
ఆ నెలాఖరుకే చిక్కబళ్ళాపురంలోనూ బయటపడింది, మన బెంగళూరుకు గంటన్నర దూరం. పిల్లిజాతికి హెచ్5ఎన్1, అంటే ఈ బర్డ్ ఫ్లూ వైరస్, చాలా ప్రమాదం. 2024 డిసెంబర్‌లో నాగపూర్ గోరేవాడా రెస్క్యూ సెంటర్‌లో మూడు పులులు, ఒక చిరుత దానితోనే పోయాయి. 2025 మొదట్లో మధ్యప్రదేశ్ చింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో కనిపించింది. ఒరెగాన్‌లో 2024 డిసెంబర్‌లో ఒక ఇంటిపిల్లి చనిపోతే, అది తిన్న పచ్చి టర్కీ మాంసపు ఫుడ్‌లో అదే వైరస్ దొరికింది. గడప దాటని పిల్లి. ఆ తర్వాత 2025 జనవరిలో ఎఫ్‌డీఏ, పచ్చి కోడిమాంసం, పచ్చి పాలు వాడే పెట్ ఫుడ్ కంపెనీలన్నీ తమ భద్రతా ప్రణాళికల్లో ఈ వైరస్‌ను లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. ఫ్రీజర్‌లో పెడితే వైరస్ చావదు, పైగా భద్రంగా ఉంటుంది. ఆరబెడితే పోతుందని నమ్మి కూర్చోవడానికీ లేదు. వేడి తగిలితేనే నమ్మకం.

టామ్‌గాడి_నాన్న
ఈ ఒక్క విషయంలో నేనూ వెనక్కి తగ్గాను. బర్డ్ ఫ్లూ వార్తలున్నన్నాళ్ళూ మా వాడికి కోడి పచ్చిగా పెట్టలేదు. అలాగని రా మొత్తం విషం అంటే మాత్రం ఒప్పుకోను.

బుజ్జి_వాళ్ళమ్మ
ఇవన్నీ చదివి టెన్షన్ వచ్చేసింది. మా ఆయనకు చూపిస్తే నవ్వుతున్నారు. ఇంకో సమస్య ఏమిటంటే ఇప్పుడు నేను మాన్పిద్దామన్నా మామయ్యగారు ఒప్పుకోరు. సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఆ ముక్కలు అరచేతిలో నలిపి తినిపిస్తారు, అది చేయంతా నాకేస్తుంది. కిడ్నీ మార్పిడి అయిన దగ్గర్నుంచి ఆయన బయటికి పెద్దగా వెళ్ళరు, అదే కాలక్షేపం. కాబట్టి ఆయనను నొప్పించకుండా

బుజ్జి_వాళ్ళమ్మ
సగంలో పోస్ట్ అయిపోయింది. ఆయనను నొప్పించకుండా ఎలా చెప్పాలో చెప్పండి.

పశువైద్యం_ఫైనలియర్
ఆగండి అక్కా. ఇది మొదటి పోస్టులోనే ఉండాల్సిన విషయం. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు కొత్త కిడ్నీని శరీరం తోసేయకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు జీవితాంతం వాడతారు. మనకు రెండు రోజుల విరేచనాలతో పోయే సాల్మొనెల్లా వాళ్ళకు రక్తంలోకి పాకగలదు. లిస్టీరియా అయితే మెదడు దాకా వెళ్ళగలదు. ఇంతసేపూ పిల్లికి మంచిదా కాదా అని మాట్లాడుకున్నాం. మీ ఇంట్లో లెక్క పిల్లితో లేదు, ఆయనతో ఉంది. ఈ రోజు నుంచే ఆయన చేతికి ఆ ముక్క ఇవ్వకండి. లిట్టర్ బాక్స్ కూడా ఆయన ముట్టకూడదు. ఆయన ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కి ఇంట్లో పిల్లి ఉందనీ, ఇలాంటి తిండి పెట్టామనీ చెప్పండి. జ్వరం గానీ విరేచనాలు గానీ వస్తే ఆ మాట ముందే చెప్పాలి.

టామ్‌గాడి_నాన్న
మేడమ్, ఇక్కడ నేనూ ఫైనలియర్ పక్షమే. మా ఇంట్లో ఇద్దరమే, ఇద్దరం గట్టిగా ఉన్నాం కాబట్టి ఆ రిస్క్ మాది. మీ ఇంట్లో అయితే నేనూ పెట్టను. పసిపిల్లలు, గర్భిణులు, కీమో తీసుకునేవాళ్ళు ఉన్నా అంతే.

శాకాహారింట_పులి
మా అత్తగారికి షుగర్ ఉంది, డెబ్బై దాటాయి. ఇది చదివి లేచి ప్యాకెట్ బయట పెట్టాను.

ఎక్సెల్_ఏడుకొండలు
@బుజ్జి_వాళ్ళమ్మ మామగారికి డాక్టర్ చేత చెప్పించండి. కోడలి మాట కంటే తెల్లకోటు మాట తొందరగా ఎక్కుతుంది. మా నాన్నకు ఉప్పు అలాగే మాన్పించాం.

మూడు_పిల్లులు_ఒక_ఈఎంఐ
కాలక్షేపం మాన్పించక్కర్లేదు. కర్ర చివర ఈకలు కట్టిన బొమ్మ కొనివ్వండి. ఆయన కుర్చీలోంచి లేవకుండా ఆడించొచ్చు, చేయి నాకే పని ఉండదు.

బుజ్జి_వాళ్ళమ్మ
నిజంగా నాకు ఈ కోణం తట్టలేదు. వెట్ కూడా ఇంట్లో ఎవరెవరున్నారని అడగలేదు. ఈ రోజే ఆపేస్తాను. కానీ అది డ్రై ఫుడ్ ముట్టడం లేదు, ఆకలేస్తే అదే తింటుందని మా ఆయన అంటున్నారు.

పశువైద్యం_ఫైనలియర్
ఆ మాట కుక్కకు చెల్లుతుంది. పిల్లిని పస్తు పెట్టి లొంగదీయకూడదు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయంలోకి చేరి ఫ్యాటీ లివర్ వస్తుంది, లావుపాటి పిల్లులకైతే మరీ. ఒక రోజంతా ముద్ద ముట్టకపోతే వెట్‌కి ఫోన్ చేయండి.

పచ్చి పొడి చల్లి అలవాటు చేయమని చాలామంది చెబుతారు, మీ ఇంట్లో అది కూడా వద్దు. ఉప్పులేకుండా ఉడికించిన చికెన్‌ను సన్నగా చీల్చి, గోరువెచ్చగా, దాని కింద వెట్ ఫుడ్ దాచి పెట్టండి. పిల్లికి రుచికంటే వాసన ముందు, వెచ్చగా ఉంటే వాసన లేస్తుంది. తినడం మొదలుపెట్టాక రోజు రోజుకీ చికెన్ తగ్గించి ఫుడ్ పెంచండి. వారం పది రోజులు పడుతుంది. కరకరే కావాలంటే ఉడికించాక ఫ్రీజ్-డ్రై చేసిన ముక్కలు కూడా అమ్ముతారు. ప్యాకెట్ మీద రా అని లేకుండా, కుక్డ్ అని స్పష్టంగా ఉన్నవి చూడండి.

హెచ్ఎస్ఆర్_నైట్‌షిఫ్ట్
స్వల్ప అడ్జస్ట్ మాడి (కొంచెం సర్దుకో) అని పిల్లికి కన్నడలో చెప్పి చూడండి, బెంగళూరు పిల్లే కదా.

మోడరేటర్
డ్రై ఫుడ్‌లో ఏ బ్రాండ్ మంచిదన్న కొట్లాటను వేరే చర్చకు మార్చాను. టామ్‌గాడి నాన్నగారూ, కోడి మెడ ఎముకల గురించి మీరు పెట్టిన పోస్టు కూడా అక్కడే ఉంది.

టామ్‌గాడి_నాన్న
పచ్చి ఎముక గుచ్చుకోదు, ఉడికించినదే గుచ్చుకుంటుంది, ఆ ఒక్క ముక్క ఇక్కడ ఉండనిచ్చి ఉంటే బాగుండేది.

పశువైద్యం_ఫైనలియర్
పచ్చిది తక్కువ గుచ్చుకుంటుంది. పన్ను విరగడం, గొంతుకు అడ్డం పడడం పచ్చిదానికీ ఉంది. అక్కడే మాట్లాడుకుందాం రండి.

బుజ్జి_వాళ్ళమ్మ
అప్‌డేట్. మామయ్యగారికి డాక్టర్ ఫోన్‌లోనే గట్టిగా చెప్పారు, ఆయన చాలా బాగున్నారు, మందులు అవే. ఈకల కర్ర హిట్. బుజ్జి ఉడికించిన చికెన్ తింటోంది, కింద దాచిన ఫుడ్‌ను మాత్రం చుట్టూ నాకి అలాగే వదిలేస్తోంది. ఇవాళ రెండు స్పూన్లు లోపలికి వెళ్ళింది. కప్పేయడం ఇంకా ఉంది. అన్నట్టు సగం ప్యాకెట్ మిగిలింది, జిప్ వేసే ఉంది, కుందలహళ్ళి గేట్ దగ్గర ఎవరికైనా కావాలంటే తీసుకోండి.

ఎక్సెల్_ఏడుకొండలు
275 రూపాయల విలువ. నేను మాత్రం తీసుకోను.

మూడు_పిల్లులు_ఒక_ఈఎంఐ
మా వీధి పిల్లులకు పెడతాను, ఇటు పంపండి.

పశువైద్యం_ఫైనలియర్
ఆ వీధిలో పిల్లలు ఆడుకుంటారు కదా అండీ. చక్కగా ఉడికించి పెట్టండి, లేదా పారేయండి.

మూడు_పిల్లులు_ఒక_ఈఎంఐ
గ్రాము పదకొండు రూపాయల మాంసాన్ని కుక్కర్‌లో పెట్టమంటారు! సరే, రెండు విజిల్సా, మూడా?

పశువైద్యం_ఫైనలియర్
రెండు చాలు. నీళ్ళు పారబోయకండి.